ఎఫ్‌జీఎం నిషేధం: కెన్యా చట్టంలో ఏముంది, అమలు ఎక్కడ ఆగుతోంది, మన దగ్గర ఏ సెక్షన్ కింద ఫిర్యాదు?

స్వప్న_హన్మకొండ

అందరికీ నమస్తే. బాలల హక్కుల కార్యకర్తల శిక్షణ కోసం ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం (ఎఫ్‌జీఎం) మీద పాఠం తయారు చేస్తున్నాను. ఏ వ్యాసం చూసినా కెన్యానే ఆదర్శంగా చూపిస్తున్నారు: 1998లో 38 శాతం, 2022లో 15 శాతం, మధ్యలో 2011 చట్టం. "చట్టం చేశారు, తగ్గింది" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం నాకిష్టం లేదు. ఆ చట్టం ఎవరెవరిని పట్టుకుంటుంది? కేసులు ఎక్కడ వీగిపోతున్నాయి? తగ్గుదలంతా నిజంగా చట్టం చలవేనా? మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు కాబట్టి, రేపు ఎవరైనా ఫిర్యాదు పట్టుకొస్తే కార్యకర్త ఏం చేయాలి? విషయం తెలిసినవాళ్ళు వివరంగా రాయగలరు.

రామకృష్ణ_అడ్వొకేట్

స్వప్న గారూ, ముందు చట్టం సంగతి చూద్దాం. 2011కి ముందు కూడా అక్కడ నిషేధం లేకపోలేదు. 1982లోనే అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి ఈ ఆచారాన్ని ఆపాలని ఆదేశించారు, దాని వెనక చట్టం మాత్రం లేదు. 2001 బాలల చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో నిషేధించింది. దాంతో మరో దారి మిగిలిపోయింది. పద్దెనిమిది నిండాక పెళ్ళి ముందు చేయించి, "ఆమే ఒప్పుకుంది" అనేవారు. 2011 చట్టం వయసు పరిమితి ఎత్తేసింది. బాధితురాలు ఒప్పుకుందన్నది సమర్థన కాదని సెక్షన్ 19లోనే రాసింది.

శిక్షణలో సెక్షన్ల వారీగా చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ చట్టం బలమంతా ఒక్క కోసినవారితో ఆగకపోవడంలోనే ఉంది. కోయడం సెక్షన్ 19. ప్రాణం పోతే యావజ్జీవం దాకా వెళ్తుంది. ప్రోత్సహించినా, ఏర్పాట్లు చేసినా సెక్షన్ 20, తల్లిదండ్రుల మీద ఎక్కువగా పడేది ఇదే. పిల్లను దేశం దాటించడం, బయటి నుంచి తీసుకురావడం 21. ఇల్లో గదో ఇవ్వడం 22. పనిముట్లు దగ్గర ఉంచుకోవడం 23. తెలిసి కూడా అధికారులకు చెప్పకపోవడం 24. ఇక సెక్షన్ 25 నాకు చాలా నచ్చినది: కోత జరగని స్త్రీని, లేదా భార్యకు కోత జరగని మగవాణ్ణి, ఆ కారణంతో తిట్టినా ఎగతాళి చేసినా నేరం. కనీసం ఆరు నెలల జైలు, లేదా 50,000 షిల్లింగులకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఊళ్ళో అమ్మలక్కల నోటికి భయపడి కూతురి కాళ్ళు పట్టుకునే తల్లులు ఎందరో. ఆ ఒత్తిడిని నేరంగా గుర్తించిన సెక్షన్ ఇది. మిగతా చాలా నేరాలకు కనీసం మూడేళ్ళ జైలు, లేదా 2 లక్షల షిల్లింగులకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

కనిష్ఠ శిక్ష పెట్టడం వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. మేకలు కాసుకునే కుటుంబానికి 2 లక్షల షిల్లింగులు జన్మలో కూడబెట్టలేని సొమ్ము. శిక్ష అంత పెద్దదని తెలిసినప్పుడు సాక్షి నోరు విప్పడు, ఊరి పెద్ద ఫిర్యాదు రాయనివ్వడు. కేసులు పడకపోవడానికి ఇదొక కారణం.

ఒక లోపం కూడా చెప్పాలి. చట్టంలోని నిర్వచనం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నాలుగు రకాల్లో మొదటి మూడింటినే (యోనిశీర్షం తీసేయడం, పెదవులు కోయడం, ద్వారాన్ని కుట్టి మూసేయడం) పేర్కొంటుంది. గుచ్చడం, గీరడం, కాల్చడం లాంటి నాలుగో రకం స్పష్టంగా లేదు. ఒక వైద్యురాలు ఈ చట్టమే రాజ్యాంగ విరుద్ధమని, పెద్దయిన స్త్రీకి ఎంచుకునే హక్కు ఉండాలని 2017లో హైకోర్టుకు వెళ్ళారు. 2021 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆమె పిటిషన్ కొట్టేసింది. పైగా హానికరమైన రూపాలన్నీ సెక్షన్ 19 కిందకు వచ్చేలా సవరణ ప్రతిపాదన పార్లమెంటుకు పంపమని అటార్నీ జనరల్‌ను ఆదేశించింది.

గణాంకం_గిరి

38 నుంచి 15 అన్న అంకె తప్పు కాదు. దాన్ని చట్టం ప్రభావానికి కొలతగా వాడితేనే తప్పు.

ఈ అంకె జనాభా ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను అడిగితే వచ్చేది. 2014 సర్వేలో 40 ఏళ్ళున్న ఆమెకు కోత జరిగింది 1980ల్లో. అంటే మనం చూస్తున్నది పాతికేళ్ళ నాటి సంగతి. వరసగా 38, 32, 27, 21, 15 అని దిగుతున్నది ఎక్కువ భాగం పాత తరం సర్వే వయసు దాటి పోవడం వల్ల. వయసుల వారీగా విడదీసి చూడండి. 45-49 ఏళ్ళవారిలో 2014లో సుమారు 41 శాతం, 2022లో సుమారు 23. చాలా పెద్ద తేడా. అదే 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 2014లో 11, 2022లో 9. చట్టం నీడలో పెరిగిన పిల్లలు వీళ్ళే. ఇక్కడ తగ్గింది రెండు శాతమే. పెద్ద తగ్గుదల చట్టానికి ముందే మొదలైంది: బడి, వలస, చర్చిలు, తల్లుల చదువు.

రెండో చిక్కు, నేరమని తెలిశాక జనం సర్వే మనిషికి నిజం చెప్పరు. మూడోది, సున్నా నుంచి 14 ఏళ్ళ పిల్లల అంకె ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. ఏడేళ్ళ పాపకు పన్నెండో ఏట చేయిస్తారేమో సర్వేకి తెలియదు. ఆ అంకెను పెద్దల అంకెతో పక్కపక్కన పెట్టి "ఇంత తగ్గింది" అనే స్లయిడ్లు చాలా చోట్ల తిరుగుతున్నాయి. దయచేసి మీ పాఠంలో పెట్టకండి.

ఇంకొకటి, జాతీయ సగటు అసలు చోటును దాచేస్తుంది. 2014లో సోమాలీ స్త్రీలలో 94 శాతం, సంబురు 86, కిసీ 84, మాసాయి 78. దేశం సగటు అప్పుడు 21.

మాధవి_పబ్లిక్‌హెల్త్

గిరి గారు చెప్పిన ఆ చివరి వరుస దగ్గరే అసలు విధానం మొదలవ్వాలి. ఈ నాలుగు సముదాయాల్లో, టాంజానియా సరిహద్దులోని కురియా అనే మరో తెగలో ఆచారం ఒకటే కావచ్చు, కారణాలు ఒకటి కావు. మాసాయి, సంబురుల్లో అది పెళ్ళికి గుమ్మం. కోత అయ్యాక పిల్లను ఇచ్చేస్తారు, కన్యాశుల్కంగా పశువులు వస్తాయి. అక్కడ బాల్య వివాహాన్ని ఆపకుండా కోతను ఆపలేరు. కురియాలో వంశ పెద్దల మండలి కాలం ప్రకటిస్తుంది, డిసెంబరు సెలవుల్లో గుంపులుగా చేయిస్తారు. సోమాలీల్లో సాధారణంగా ఐదు నుంచి తొమ్మిదేళ్ళ మధ్యే చేయిస్తారు, మతం అడుగుతోందన్న నమ్మకంతో. కిసీలో కూడా చిన్న వయసులోనే, చాలావరకు నర్సుల చేత.

కాబట్టి ఒకచోట పనిచేసిన మందు ఇంకోచోట పనిచేయదు. 1996లో థరాకాలో మహిళా సంఘం మొదలుపెట్టిన ప్రత్యామ్నాయ వేడుక ఉంది. పిల్లలను కొన్నాళ్ళు విడిగా ఉంచి, పెద్దరికం, శరీరం, కుటుంబం గురించి చెప్పి, కోత లేకుండా ఊరందరి ముందు వేడుక చేస్తారు. కోత పెద్దమనిషి వేడుకలో భాగమైన చోట ఇది అర్థవంతం. ఆరేళ్ళ పాపకు ఇంట్లో గుట్టుగా చేయించే చోట ఏ వేడుకకు ప్రత్యామ్నాయం? అక్కడ మత పెద్దలు మసీదులో నోరు విప్పి "ఇది మన ధర్మంలో లేదు" అనాలి. వేడుక పెట్టినచోట కూడా తండ్రినీ, అమ్మమ్మ నాయనమ్మలనూ కూర్చోబెట్టకపోతే ఆగస్టులో సర్టిఫికెట్ తీసుకున్న పిల్లకు డిసెంబరులో కోత జరుగుతుంది.

ఇక అమలు. చట్టం కింద ఏర్పడిన ఎఫ్‌జీఎం వ్యతిరేక బోర్డు 2013 చివరికి పని మొదలుపెట్టింది. 2014లో ప్రాసిక్యూషన్ విభాగంలో ప్రత్యేక యూనిట్ వచ్చింది. 2019లో కొత్త జాతీయ విధానం, ఎక్కువగా జరిగే 22 కౌంటీల (మన జిల్లాల లాంటి పాలనా ప్రాంతాలు) గుర్తింపు, 2022 కల్లా నిర్మూలిస్తామన్న అధ్యక్షుడు ఉహురు కెన్యాటా హామీ. హామీ గడువు దాటిపోయింది. ఎందుకంటే బోర్డు కేంద్రానిది, పోలీసు కేంద్రానిది, కానీ 2010 రాజ్యాంగం తర్వాత ఆరోగ్య సిబ్బంది కౌంటీల ఉద్యోగులు. బోర్డు సమన్వయం చేయగలదు, ఒక కౌంటీ నర్సును పనిలోంచి తీయలేదు. కౌంటీ బడ్జెట్‌లో దీనికి విడిగా పద్దు లేకపోతే విధానంలో రాసిన పనికి పెట్రోలు కూడా దొరకదు.

కేసు ఎక్కడ జారిపోతుందో అడిగారు. సమాచారం 116 బాలల హెల్ప్‌లైన్‌కో, ఊరి చీఫ్‌కో వస్తుంది. చీఫ్ ప్రభుత్వ ఉద్యోగే, కానీ అదే వంశం మనిషి. పోలీసులు వెళ్ళేసరికి గాయం మానే దశలో ఉంటుంది. వైద్యుడు పీ3 ఫారం (పోలీసులు ఇచ్చే వైద్య పరీక్ష పత్రం) నింపాలి. ఆస్పత్రి దూరమై రెండు మూడు వారాలు గడిస్తే కోత ఉందని రాయగలడు, ఎప్పుడు జరిగిందో కచ్చితంగా రాయలేడు. తేదీ తేలకపోతే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరున్నారన్నది తేలదు. కోసిన ఆవిడ పేరు చెప్పాల్సింది పిల్ల, చెబితే జైలుకెళ్ళేది అమ్మ. పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన ఆ భారం పెట్టి సాక్ష్యం రావాలంటే ఎలా వస్తుంది? అందుకే పిల్ల మాట ఒక్కదాని మీదే నిలబడే కేసు వీగిపోతుంది. పనిముట్లు, ఫోన్ వివరాలు, పొరుగువారి వాంగ్మూలం, మొదటి రోజే తీసిన వైద్య నివేదిక ఉన్న కేసు నిలుస్తుంది.

రక్షణ గృహాలు, నరోక్‌లో ఉన్నటువంటివి, నిజంగా ప్రాణం పోస్తున్నాయి. కానీ అక్కడ పిల్ల ఉండేది సెలవుల కాలం. తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఎవరు హామీ, నెలకోసారి ఎవరు వెళ్ళి చూస్తారు, బడి ఫీజు ఎవరు కడతారు అన్నది రాసుకోకుండా పంపితే మళ్ళీ మొదటికే. 2020లో కోవిడ్‌తో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. పిల్లలు ఇళ్ళలోనే ఉన్నారు, కురియాలో ఆ ఏడాది చివర పట్టపగలు గుంపులుగా కోతలు జరిగాయి. పిల్లలకు అసలు కాపలా బడే అన్న సంగతి అప్పుడు బయటపడింది.

సరిహద్దు మరో కంత. కెన్యాలో ఏ వయసుకైనా నేరం. పక్కనే టాంజానియాలో 1998 చట్టం 18 లోపు వారికే వర్తిస్తుంది. ఉగాండాలో 2010 నుంచి పూర్తి నిషేధం. ఇథియోపియా శిక్షాస్మృతిలో కనిష్ఠం మూడు నెలల జైలు, లేదా 500 బిర్రుల జరిమానా. సోమాలియా 2012 తాత్కాలిక రాజ్యాంగంలో నిషేధం ఉంది, శిక్ష వేసే చట్టం లేదు. కురియా కుటుంబాలు రెండు దేశాల్లోనూ ఉన్నాయి, అత్తగారింటికి వెళ్ళొచ్చినంత తేలికగా దాటతారు. 2019 ఏప్రిల్‌లో ఈ ఐదు దేశాల ప్రతినిధులు మొంబాసాలో కూర్చుని ఉమ్మడిగా పనిచేస్తామన్నారు. రెండు వైపుల పోలీస్ స్టేషన్లు పేర్ల జాబితా ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెడితేనే అది గ్రామానికి దిగినట్టు.

స్వప్న_హన్మకొండ

మాధవి గారూ, చాలా థాంక్స్. శిక్షణలో ఒక ప్రశ్న కచ్చితంగా వస్తుంది: ఎలాగూ మానరు కదా, డాక్టర్ చేత, మత్తిచ్చి, శుభ్రంగా చేయిస్తే నష్టం తగ్గుతుంది కదా అని. దీనికి ఏం చెప్పాలి?

మాధవి_పబ్లిక్‌హెల్త్

ఈజిప్టును చూపించండి. అక్కడ 2014 సర్వే నాటికి కోత జరిగిన ఆడపిల్లల్లో దాదాపు ఐదింట నాలుగు వంతుల మందికి వైద్య సిబ్బందే చేశారు. ఆచారం పోలేదు, డాక్టర్ చేతికి మారింది. తెల్లకోటు వేసుకున్న మనిషి చేస్తే తల్లికి అది టీకా అంత మామూలు పనిగా కనిపిస్తుంది. పైగా మత్తిచ్చాక పిల్ల కదలదు కాబట్టి ఇంకా ఎక్కువ కండ తీసే అవకాశమూ ఉంది. క్లినిక్‌లోనే పిల్లలు చనిపోయారు కూడా. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ తగ్గవచ్చు. తీసేసిన నరాలు తిరిగి రావు. మూత్రం బాధలు, కాన్పులో చీలికలు, మనసులో మిగిలే భయం తగ్గవు.

చట్టం రాసేటప్పుడు "వైద్య అవసరం" అన్న మాట ఎంత ప్రమాదమో కూడా అక్కడే తెలిసింది. 2008లో నేరం చేశారు, 2016లో శిక్ష పెంచారు, కానీ వైద్య కారణం లేకుండా చేస్తేనే నేరమన్న షరతు ఉంచారు. ఇక చూడండి, ఆపరేషన్ కాగితం మీద "కంతి తీశాం" అని రాస్తే సరిపోయింది. 2021 సవరణలో ఆ షరతు తీసేసి, వైద్య వృత్తిలో ఉన్నవారికి 20 ఏళ్ళ దాకా శిక్ష, క్లినిక్ మూసివేత పెట్టారు. కెన్యా ఈ విషయంలో ముందే జాగ్రత్తపడింది. శస్త్రచికిత్సకు మినహాయింపు ఇస్తూనే, ఆ అవసరం ఉందా లేదా అని తేల్చడంలో సంస్కృతి, మతం, ఆచారం లెక్కలోకి రావని సెక్షన్ 19లో కలిపింది. మనం ఎప్పుడైనా చట్టం రాసుకుంటే ఆ ఒక్క వాక్యాన్ని వదలకూడదు.

రామకృష్ణ_అడ్వొకేట్

ఇప్పుడు మన దేశం. ఇక్కడ ఈ ఆచారం ఎక్కువగా బయటపడింది దావూదీ బోహ్రా సముదాయంలో. ఖత్నా, ఖఫ్జ్ అంటారు. సాధారణంగా ఏడో ఏట చేయిస్తారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లో కూడా బోహ్రా కుటుంబాలున్నాయి. ఒక హెచ్చరిక: శిక్షణలో దీన్ని ముస్లింలందరి ఆచారంగా చెప్పకండి, మన దగ్గర అత్యధిక ముస్లిం కుటుంబాలకు ఇది అసలు తెలియదు. కెన్యాలో కిసీ, కురియా కుటుంబాలు ఎక్కువగా క్రైస్తవులు. ఆపాలని మొదట గొంతెత్తింది బోహ్రా స్త్రీలే, ఆ గౌరవం వాళ్ళకు దక్కాలి.

2017లో సుప్రీంకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం పడింది. అదే ఏడాది డిసెంబరులో మహిళా శిశు సంక్షేమ శాఖ, దీని మీద అధికారిక లెక్కలు ఏమీ లేవని అఫిడవిట్ వేసింది. ఎన్నడూ లెక్క తీయని ప్రభుత్వం, లెక్క లేదనడం నాకు చాలా బాధ కలిగించిన విషయం. 2018లో అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ మాత్రం ఇది ఇప్పటికే ఐపీసీ (అప్పటి శిక్షాస్మృతి), పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరమేనని కోర్టుకు చెప్పారు. ఆ సెప్టెంబరులో వ్యవహారం రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్ళింది. 2019 నవంబరులో శబరిమల పునఃసమీక్షతో పాటు పెద్ద ధర్మాసనం చూడాల్సిన ప్రశ్నల్లో చేరింది.

ఫిర్యాదు వస్తే ఏం చేయాలి? ముందు తేదీ చూడండి. 2024 జులై 1కి ముందు జరిగితే ఐపీసీ 324 (ఆయుధంతో గాయం), 326 (ఆయుధంతో తీవ్ర గాయం). తర్వాతైతే భారతీయ న్యాయ సంహిత 118లోని రెండు ఉప సెక్షన్లు. వెంట జువెనైల్ జస్టిస్ చట్టం 75, బాధ్యత ఉన్నవారే పిల్లను హింసించినందుకు. పోక్సో వాడటంలో వాదన తప్పదు. సెక్షన్ 3 చొప్పించడం గురించి మాట్లాడుతుంది, పైచర్మం కోయడం అందులోకి వస్తుందా అని డిఫెన్స్ అడుగుతుంది. సెక్షన్ 7కి లైంగిక ఉద్దేశం ఉండాలి. సెక్షన్ 30 వల్ల ఆ ఉద్దేశం లేదని చూపే భారం నిందితుల మీదే ఉంటుంది, అది కొంత బలం.

చాలామందికి తెలియని అసలు చిక్కు గడువు. మూడేళ్ళ వరకే శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ విచారణ పద్ధతి చట్టం) 514 కింద మూడేళ్ళే గడువు. ఏడేళ్ళప్పుడు కోత జరిగిన అమ్మాయి పద్దెనిమిదేళ్ళకు ధైర్యం చేసి వస్తే 118(1), జేజే 75 రెండూ గడువు దాటినట్టే. సెక్షన్ 519 కింద ఆలస్యం మన్నించమని కోరాలి. లేదా తీవ్ర గాయమని, అంటే 118(2) కిందకు వస్తుందని వైద్య నివేదికతో చూపాలి, దానికి గడువు లేదు. ప్రత్యేక చట్టం ఎందుకు కావాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

లీలా_మిడ్‌వైఫ్_లీడ్స్

ఇంగ్లండ్‌లో పనిచేసే మన తెలుగు నర్సులు, డాక్టర్లు, టీచర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. 2015 అక్టోబరు 31 నుంచి ఇక్కడ తప్పనిసరి రిపోర్టింగ్ ఉంది. 18 లోపు అమ్మాయి తనకు జరిగిందని స్వయంగా చెప్పినా, లేదా పనిలో భాగంగా గుర్తులు మీ కంట పడినా, మీరే 101కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి. మామూలుగా మరుసటి పనిదినం ముగిసేలోపు. మేనేజర్‌కు చెప్పేశాను అంటే చాలదు, బాధ్యత వ్యక్తిగతం. పెద్దయిన స్త్రీలకు ఈ నిబంధన వర్తించదు. కాన్పుకు వచ్చిన ఆమె గురించి పోలీసులకు ఫోన్ చేయాల్సిన పని లేదు. కానీ పుట్టబోయేది ఆడపిల్లయితే సేఫ్‌గార్డింగ్ బృందానికి చెప్పండి. ప్రమాదం ఉందనిపిస్తే కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తీసుకోవచ్చు, పాస్‌పోర్టు కూడా అప్పగించమంటారు.

కెన్యాతో నేరుగా ముడిపడిన కేసు ఒకటుంది. 2006లో మూడేళ్ళ పాపను ఇంగ్లండ్ నుంచి కెన్యా తీసుకెళ్ళి కోతకు అప్పగించిన స్త్రీని 2023లో దోషిగా తేల్చారు, తర్వాత ఏడేళ్ళ శిక్ష వేశారు. ఆ అమ్మాయి 16 ఏళ్ళ వయసులో బడిలో టీచర్‌తో చెప్పుకోవడం వల్లే బయటపడింది. రామకృష్ణ గారు చెప్పిన గడువు ఇక్కడా ఉండి ఉంటే ఆ కేసు నిలిచేది కాదు.

స్వప్న_హన్మకొండ

ఆఖరి సందేహం. మా జిల్లాలో కార్యకర్తకు పాప సంగతి తెలిస్తే, తల్లిదండ్రులే నిందితులయ్యే పరిస్థితిలో వైద్య పరీక్షకు పాప పక్కన ఎవరుండాలి?

రామకృష్ణ_అడ్వొకేట్

పోక్సో సెక్షన్ 27 చూడండి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. పక్కన తల్లిదండ్రులు, లేదా పాపకు నమ్మకమున్న ఇంకెవరైనా ఉండవచ్చు. వాళ్ళు ఉండలేని పరిస్థితి అయితే ఆస్పత్రి అధిపతి నియమించిన స్త్రీ ఉండాలి. వాంగ్మూలం పాప ఇంట్లో, లేదా పాప కోరిన చోట, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. మీ కార్యకర్త చేయాల్సింది బాలల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయడం, తేదీ సమయం రాసుకోవడం, పాప చెప్పిన మాటలు చెప్పినట్టే రాయడం. ప్రశ్నలు గుచ్చి గుచ్చి అడగకూడదు. గాయం తాజాగా ఉంటే ముందు ఆస్పత్రి, తర్వాతే కాగితాలు. తెలిసి కూడా రిపోర్టు చేయకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది. "పోక్సో వర్తిస్తుందో లేదో" అన్న సందేహంతో కార్యకర్త ఆగకూడదు. ఆ నిర్ణయం కోర్టుది.